భోజనాల బల్ల మీద తేలిన రహస్యం

“నెలంతా కష్టపడితే వచ్చే జీతం కాస్తా ఆయా చేతిలో పెట్టడానికే సరిపోతోంది. ఈ మాత్రం దానికి ఉద్యోగం ఎందుకమ్మా, హాయిగా ఇంటిపట్టున ఉండక!”

ఈ మాట వినని ఇల్లు మనలో ఎవరిదైనా ఉందా చెప్పండి? అత్తగారంటారు, ఆడపడుచంటుంది, ఒక్కోసారి కన్నతల్లే అంటుంది. పైకి అనకపోయినా మనకు మనమే లోపల అనుకుంటాం. పిల్లలు పుట్టాక చదివిన చదువంతా అటకెక్కించేసినవాళ్లూ, వారానికి రెండు మూడు రోజుల పని ఏదో పట్టుకుని “దీనివల్ల ఒరిగేదేముందిలే” అని మథనపడేవాళ్లూ మన పాఠకురాళ్లలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లకోసం ఈ వారం ఒక డాక్టరమ్మ సంగతి చెబుతాను. ఆయా జీతానికి సరిపడా ఇస్తే చాలు, పని చేసుకుంటానని నోరు తెరిచి అడిగిన మనిషి ఆవిడ! ఆ పనే చివరికి ఒకరకం బ్లడ్ క్యాన్సర్‌ని రోజూ మాత్ర వేసుకుని అదుపులో పెట్టుకునే జబ్బుగా మార్చడానికి దారి చూపించింది.

ఆవిడ పేరు జానెట్ రౌలీ. 1925లో అమెరికాలోని న్యూయార్క్‌లో పుట్టారు. తల్లిదండ్రులకు ఒక్కతే కూతురు. ఇద్దరూ పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లే. చదువులో చురుకైన పిల్ల కావడంతో పదిహేనో ఏటే స్కాలర్‌షిప్పు మీద షికాగో విశ్వవిద్యాలయంలో చేరింది. ఆ తర్వాత డాక్టరీ చదవాలనుకుంది. సీటు వచ్చే అర్హత ఉంది, మార్కులున్నాయి. కానీ ఏమైందో తెలుసా? ఆ ఏడాది 65 మంది ఉండే క్లాసులో ఆడపిల్లలకి కేటాయించినవి మూడంటే మూడు సీట్లు. ఆ మూడూ అప్పటికే నిండిపోయాయి. ఆడపిల్ల కాబట్టి తొమ్మిది నెలలు ఆగాల్సొచ్చింది. అమెరికాలో కూడా అలా ఉండేదన్నమాట!

ఆగింది, చేరింది, 1948లో డాక్టరై బయటికొచ్చింది. పట్టా పుచ్చుకున్న మర్నాడే పెళ్లి! వరుడు డోనాల్డ్ రౌలీ, ఆయనా డాక్టరే, అదే విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు. వరసగా నలుగురు మగపిల్లలు పుట్టారు. నలుగురు మగపిల్లలున్న ఇల్లెలా ఉంటుందో నేను మీకు వేరే చెప్పక్కర్లేదు కదా! జానెట్ అప్పుడొక నిర్ణయం తీసుకున్నారు. పని మొత్తంగా మానరు, అలాగని రోజంతా చేయరు. వారానికి కొద్దిరోజులే వెళతారు. పసిపిల్లల్ని చూసే క్లినిక్కుల్లోనూ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకోసం నడిపే క్లినిక్‌లోనూ అలా పనిచేశారు. చిన్నవాడికి పన్నెండేళ్లు వచ్చేదాకా ఆవిడది పార్ట్‌టైమ్ పనే. తోటి డాక్టర్లంతా పెద్ద పదవుల్లోకి వెళ్లిపోతుంటే ఈవిడ మిగతా రోజుల్లో ఇంట్లో పిల్లల సంగతి చూసుకునేవారు. అందుకు తనకు ఎన్నడూ విచారం కలగలేదని పెద్దయ్యాక కూడా చెప్పేవారు.

ఇక్కడ కాస్త ఆగి ఆ రోజుల్లో బ్లడ్ క్యాన్సర్ సంగతేమిటో చూద్దాం. లుకేమియా అంటే మన ఎముకల లోపలి మూలుగలో తయారయ్యే తెల్లకణాలు అదుపు తప్పి పెరిగిపోవడం. 1948కి ముందు పిల్లలకి ఈ జబ్బు వస్తే కొద్ది వారాలు, నెలలు, అంతే. ఆ ఏడాదే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుగారు 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే పదిమందిలో గుణం కనిపించిందని ప్రకటించారు. ఆ మందు ఎవరి ఆధ్వర్యంలో తయారైందనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు! లెడర్లీ కంపెనీలో పరిశోధనకు పెద్ద ఆయనే. ఆ ఏడాదే ఆయన పోయారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ లుకేమియా పిల్లలకు వాడుతున్నారు. కానీ ఫార్బర్ చూసిన ఆ పిల్లల్లో గుణం కొన్నాళ్లే నిలిచింది. అసలు రక్తకణం ఎందుకలా పెడదారి పడుతుందో ఎవరికీ తెలియదు. ఆ మూలం తెలియనిదే మందు గురిచూసి కొట్టేదెలా?

మళ్లీ జానెట్ దగ్గరికొద్దాం. 1961లో భర్తకు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో ఏడాదిపాటు పనిచేసే అవకాశం వచ్చింది. భర్త బదిలీ అయితే మనం సామాన్లు సర్దుకుని వెంట వెళతామే, అలాగే పిల్లల్ని వేసుకుని ఆవిడా వెళ్లారు. అయితే ఊరికే కూర్చోలేదు. అక్కడి ప్రయోగశాలలో క్రోమోజోములు ఎలా పరీక్షించాలో నేర్చుకున్నారు. తిరిగొచ్చాక షికాగోలో రక్తవ్యాధుల నిపుణుడు లియోన్ జేకబ్‌సన్‌గారి దగ్గరికి వెళ్లారు. ఒక మైక్రోస్కోపు, కూర్చుని పనిచేసుకోవడానికి కాస్త చోటు, ఇంట్లో పిల్లల్ని చూసే మనిషికి ఇవ్వడానికి సరిపడా జీతం, ఇవిస్తే వారానికి మూడు రోజులు వచ్చి పనిచేస్తానన్నారు. ఆ పెద్దమనిషి సరేనన్నారు. పైగా, “మా లుకేమియా రోగుల రక్తంలో క్రోమోజోములు ఎలా ఉన్నాయో చూడమ్మా” అని పని కూడా ఆయనే పురమాయించారు. ఆవిడ జీవితమంతా చేసిన పని అలా మొదలైంది.

ఇంతకీ క్రోమోజోములంటే ఏమిటి? మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 46 చిన్న పోగుల్లాంటివి ఉంటాయి, 23 జతలు. అమ్మ దగ్గర్నుంచి సగం, నాన్న దగ్గర్నుంచి సగం. కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి అన్న ఆదేశాలన్నీ వాటిలోనే రాసి ఉంటాయి. వాటిని మైక్రోస్కోపు కింద ఫోటో తీసి, ఒక్కొక్కదాన్నీ కత్తెరతో కత్తిరించి, పెద్దదాంతో మొదలుపెట్టి జతలుగా పేర్చాలి. చెప్పినంత తేలిక కాదు. అప్పట్లో అన్నీ ఒకే రంగులో, ఒకేలా కనబడేవి. మాచింగ్ సెంటర్‌లో కరెంటు పోయినప్పుడు చీరకి సరిపోయే జాకెట్టు ముక్క వెతకమంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట!

1960లో ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక విశేషం గమనించారు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, పొట్టిగా సి.ఎం.ఎల్. అంటారు, ఆ జబ్బున్నవాళ్ల రక్తకణాల్లో ఒక క్రోమోజోము మరీ పొట్టిగా ఉంటోంది. దానికి ఆ ఊరి పేరే పెట్టి ‘ఫిలడెల్ఫియా క్రోమోజోము’ అన్నారు. అందులో ముక్క ఊడిపోయి ఎక్కడో పోయిందనే అందరూ అనుకున్నారు. ఆ ముక్క ఏమైందన్నది పన్నెండేళ్లపాటు ఎవరికీ తేలలేదు.

1970లో రౌలీ దంపతులు మళ్లీ ఒక ఏడాది ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. ఈసారి జానెట్ నేర్చుకున్నది కొత్త రంగులద్దే పద్ధతి. ఆ రంగు వేసి చూస్తే ప్రతి క్రోమోజోము మీదా దాని తీరుకి తగ్గట్టు అడ్డచారలు కనిపిస్తాయి. ఇక కరెంటు వచ్చినట్టే కదా! ఏ చీరకి ఏ అంచో తెలిసిపోతుంది.

షికాగో తిరిగొచ్చాక ఆ ఫోటోలు ఇంటికి తెచ్చుకునేవారు. భోజనాల బల్ల తుడిచేసి, ఫోటోలు పరిచి, కత్తెర పట్టుకుని కూర్చునేవారు. పిల్లలు చూసి, “మా అమ్మకి కాగితం బొమ్మలతో ఆడుకుంటే డబ్బులిస్తారు!” అని ఆటపట్టించేవారట. నవ్వేవాళ్లు నవ్వనీ అనుకుని ఆవిడ ముక్క ముక్కా పేరుస్తూ పోయారు. చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరేటప్పుడు మన కన్ను ఎలా పనిచేస్తుంది? వేల గింజల్లో ఒక్క మట్టిబెడ్డ ఉన్నా చటుక్కున పట్టేస్తుంది. అలాంటి కన్ను ఆవిడది.

1972లో మొదటి సంగతి తెలిసింది. తీవ్రంగా వచ్చే ఒక రకం లుకేమియాలో 8వ క్రోమోజోము ముక్కా, 21వ దాని ముక్కా ఒకదాని చోటులోకి ఒకటి మారిపోయాయి. రాసి పంపితే పేరున్న ఒక వైద్యపత్రిక తిప్పికొట్టింది. ఆవిడ దిగులుపడి కూర్చోలేదు, ఫ్రాన్సులో వెలువడే మరో పత్రికకు పంపారు. అచ్చయింది.

తర్వాత సి.ఎం.ఎల్. రోగుల ఫోటోలు పేరుస్తుంటే 22వ క్రోమోజోము పొట్టిగా ఉంది, అది అందరికీ తెలిసిందే. కానీ పక్కనే 9వ క్రోమోజోము ఉండాల్సినదానికన్నా కాస్త పొడుగ్గా ఉంది! పోయిందనుకున్న ముక్క పోలేదు, వచ్చి ఇక్కడ అతుక్కుని కూర్చుంది. ఒక రోగిలో అయితే పొరపాటనుకోవచ్చు. మరో రోగి ఫోటో చూశారు, అందులోనూ అంతే. ఇంకొకరిలోనూ అంతే. 1973 జూన్‌లో ‘నేచర్’ పత్రికలో అది అచ్చయింది. అప్పటికి ఆవిడకు 48 ఏళ్లు. మనలో చాలామంది “ఇంకేముందిలే, ఇక మనవలే” అనుకునే వయసు!

వెంటనే పూలదండలు వేశారనుకోకండి. క్రోమోజోములు మారడం క్యాన్సర్ వచ్చాక జరిగే గందరగోళమే తప్ప, దానివల్ల క్యాన్సర్ రాదని ఆ రోజుల్లో పెద్దల అభిప్రాయం. ఆవిడ వాదులాడలేదు, ఇంకా ఇంకా సాక్ష్యాలు పోగేశారు. 1977లో మరో రకం లుకేమియాలో 15, 17 క్రోమోజోముల మధ్య మార్పిడి పట్టుకున్నారు. ఒక్కో రకం జబ్బుకి ఒక్కో గుర్తు! ఇన్ని గుర్తులు వరసగా కనబడుతుంటే ఇక ఎవరు కాదనగలరు?

ఆ ముక్కలు మారితే జబ్బెందుకు వస్తుందో 1980లలో ఇతర శాస్త్రవేత్తలు తేల్చారు. అది వంటింటి భాషలో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. మన వంటల పుస్తకంలో రెండు పేజీలు చిరిగాయనుకోండి. ఎవరో తొందర్లో ఒకదాని పైభాగానికి ఇంకొకదాని కిందిభాగం అతికించేశారు. ఇప్పుడా పేజీలో “స్టవ్ వెలిగించండి” అని ఉంది గాని “దించేయండి” అన్న మాట లేదు. చదివేవాళ్లు అలా మండిస్తూనే ఉంటారు. 9, 22 క్రోమోజోముల ముక్కలు అతుక్కున్నచోట అలాంటి తప్పు ఆదేశమే తయారైంది. దాన్నిబట్టి ఒక ప్రొటీన్ పుట్టి, “పెరగండి, పెరగండి” అని తెల్లకణాలకు ఆపకుండా చెబుతూనే ఉంటుంది. స్టవ్ నాబ్ బిగుసుకుపోయి ఆరనట్టే!

నాబ్ ఎక్కడుందో తెలిస్తే తిప్పే ఉపాయం దొరుకుతుంది. స్విట్జర్లాండుకు చెందిన మందుల కంపెనీలో నికొలస్ లిడన్ బృందం ఆ ప్రొటీన్‌కు అడ్డుపడే పదార్థాలు తయారుచేసింది. అమెరికాలోని ఓరెగాన్‌లో బ్రయాన్ డ్రూకర్ అనే డాక్టరుగారు వాటిలో ఒకదాన్ని పట్టుకుని పట్టువదలకుండా పనిచేశారు. అదే ఇమాటినిబ్. 1998లో రోగులకిచ్చి చూడటం మొదలుపెట్టారు. తగినంత మోతాదు వేసుకున్న 54 మందిలో 53 మందికి రక్తపరీక్ష మామూలుకొచ్చేసింది! 2001 మేలో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అంతకుముందు ఈ జబ్బు బయటపడ్డాక చాలామంది మూడు నుంచి ఐదేళ్లకు మించి బతికేవారు కాదు. ఇప్పుడు మాత్ర వేసుకుంటూ, పిల్లల్ని చదివించుకుంటూ, మనవల్ని ఎత్తుకుంటూ దశాబ్దాలు గడుపుతున్నవాళ్లున్నారు. 15, 17 క్రోమోజోముల జబ్బుకీ మంచి మందు దొరికింది. షాంఘైలో వాంగ్ జెన్‌యీ అనే డాక్టరుగారు 1980లలో విటమిన్ ‘ఎ’కి బంధువులాంటి మందు ఇచ్చి చూస్తే రోగులు తేరుకున్నారు. 1990 ప్రాంతంలో తెలిసిందేమిటంటే, ఆ క్రోమోజోము విరిగింది సరిగ్గా విటమిన్ ‘ఎ’ ఆదేశాలు అందుకునే చోటే! అలాగని ఇంట్లో విటమిన్ మాత్రలు మింగేస్తే లాభం లేదు సుమా, అది వేరే మందు, ఆసుపత్రిలో ఇచ్చేది.

మరి మన దేశంలో సంగతి? మొదట్లో ఇమాటినిబ్ అసలు కంపెనీ ధర నెలకు సుమారు లక్షా ఇరవై వేలు. మామూలు సంసారి తూగగలడా? మన దేశపు కంపెనీలు, అందులో హైదరాబాదుది కూడా ఒకటి, అదే మందును నెలకు ఎనిమిది పదివేలలో అమ్మాయి. పేటెంటు కోసం పెద్ద కంపెనీ కోర్టుకెక్కితే 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. అందువల్ల మన దేశంలో ఎన్నో కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి.

ఇప్పుడు మనింటికి పనికొచ్చే నాలుగు మాటలు.

సి.ఎం.ఎల్. తరచు చడీచప్పుడు లేకుండా వస్తుంది. వేరే ఏ పనికో రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు బాగా ఎక్కువున్నాయని బయటపడుతుంది. కొందరికి నీరసం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు, ఎడమ డొక్కలో బరువు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం ఉంటాయి. ఇవి చదివి బెంబేలు పడకండి. మన ఆడవాళ్ల నీరసానికి మామూలుగా కారణం రక్తహీనతే. కానీ రెండింటికీ మొదటి పరీక్ష ఒకటే, అదీ ఖర్చు తక్కువది. అదే కంప్లీట్ బ్లడ్ పిక్చర్. “నాకేంలే, ఇంటిపనితో అలసట” అని ఏళ్లతరబడి తోసేయకుండా ఒకసారి చేయించుకోండి.

జబ్బని తేలి మందు మొదలుపెట్టినవాళ్లు, ఒళ్లు తేలికపడింది కదా అని మాత్ర మానేయకూడదు. మానాలా వద్దా అన్నది రక్తపరీక్షలు చూసి డాక్టరే చెప్పాలి. ఇమాటినిబ్ భోజనంతోపాటు, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోమంటారు. పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు ముందే డాక్టరుతో చెప్పాలి, గర్భవతిగా ఉన్నప్పుడు ఈ మందు బిడ్డకు మంచిది కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఈ జబ్బు అంటుకునేది కాదు, తరతరాలుగా వచ్చేదీ కాదు. ఆ క్రోమోజోము మార్పు రోగి రక్తకణాల్లో మధ్యలో వచ్చినదే తప్ప పుట్టుకతో వచ్చినది కాదు, పిల్లలకు దిగదు. కాబట్టి “వాళ్లింట్లో బ్లడ్ క్యాన్సరుందిట” అని ఆడపిల్లకొచ్చిన సంబంధం తప్పించేవాళ్లుంటే, ఈ పేజీ తీసి వాళ్ల చేతిలో పెట్టండి.

జానెట్‌గారికి 1998లో పేరుపొందిన లాస్కర్ అవార్డు వచ్చింది. 2009లో అమెరికా అధ్యక్షుడు ఒబామా ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం మెడలో వేశారు. ఎనభై దాటాక కూడా సైకిలు తొక్కుకుంటూ పనికి వెళ్లేవారు. 2013 డిసెంబరులో, 88వ ఏట, అండాశయ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆవిడకు సర్దుకుపోయే భర్త, మంచి ఆచార్యుడు, ఇంట్లో సాయానికి మనిషి ఉన్న మాట నిజం. అవన్నీ అందరికీ అమరవు. కానీ ఆయా జీతానికే సరిపోయే ఆ పని ఆవిడ వదిలేసి ఉంటే చేతిలోని విద్య తుప్పుపట్టేది, ఆక్స్‌ఫర్డ్ వెళ్లినా నేర్చుకునేది ఉండేది కాదు. జీతం ఆయాకి పోతే పోనివ్వండి, పని మనకు మిగులుతుంది కదా. కాబట్టి మీ ఇంట్లో కోడలో, కూతురో పసిబిడ్డని చంకనేసుకుని వారానికి మూడురోజుల పనికి వెళతానంటే, “ఎంతొస్తుంది?” అని అడక్కండి. “ఆ మూడు రోజులూ బిడ్డని నేను చూస్తాలే” అనండి. ఏమంటారు?